కంప్యూటర్లో ఫైళ్లు సర్దుకోవడం, కాపాడుకోవడం: పర్లాకిమిడి డీటీపీ షాపు నుంచి

"డి డ్రైవ్‌లో ఇంకో కాపీ ఉందిలే అక్కా" అని ధీమాగా చెప్పేవాళ్లు మా షాపుకి తరచూ వస్తుంటారు. వాళ్ల సీపీయూ డబ్బా విప్పి చూస్తే లోపల ఉండేది ఒక్కటే డిస్క్. సి, డి, ఇ అని కనిపించేవి ఒకే ఇంట్లో కట్టుకున్న గదులు. ఇల్లు కూలితే ఏ గదీ మిగలదు. విండోస్ పాడై సి డ్రైవ్ ఫార్మాట్ కొట్టాల్సి వచ్చినప్పుడు డి లో ఉన్నవి బతుకుతాయి. దాని ఉపయోగం అంతవరకే.

ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడిలో మాది డీటీపీ (కంప్యూటర్లో టైపు చేసి అచ్చుకి సిద్ధం చేసే పని), జిరాక్సు, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు. వెనక గదిలో మా ఆయన ఫోటో స్టూడియో. తెలుగు పెళ్లికార్డులు, ఒడియా గృహప్రవేశం కార్డులు, రెండు భాషల్లోనూ కరపత్రాలు, పెళ్లి ఆల్బమ్‌లు, మా పిల్లల సర్టిఫికెట్లు, మామగారి పొలం పట్టా స్కాన్లు, అన్నీ ఒకే కంప్యూటర్లో. పెద్ద ఆఫీసుల సర్వర్ల గొడవ నాకు తెలియదు, అక్కర్లేదు కూడా. ఒక్క కంప్యూటర్, నిలకడ లేని కరెంటు, అక్టోబర్ వచ్చిందంటే తుపాను టెన్షన్. ఈ మూడూ ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను.

ఎన్ని కాపీలున్నాయో లెక్కపెట్టే ముందు, ఒక్క దెబ్బకి వాటిలో ఎన్ని పోతాయో లెక్కపెట్టండి. కంప్యూటర్ పక్క సొరుగులో ఉన్న పోర్టబుల్ డిస్క్, డిస్క్ చెడిపోయినప్పుడు ఆదుకుంటుంది. దొంగ పడితే ఆదుకోదు. వరదొస్తే ఆదుకోదు. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

ముందు సర్దుకోవడం

ఏది ఎక్కడుందో తెలియకపోతే దేన్ని కాపీ తీయాలో కూడా తెలియదు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మూడూ మామూలుగా సి డ్రైవ్‌లోనే ఉంటాయి. డెస్క్‌టాప్ మీద వంద ఫైళ్లు పరిచి పెట్టుకునేవాళ్లు ఫార్మాట్ రోజున ఏడ్చేది ఇందుకే. డాక్యుమెంట్స్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌కి వెళ్తే లొకేషన్ అనే ట్యాబ్, అందులో మూవ్ అనే బటన్ ఉంటాయి. డి లో ముందుగా ఒక ఖాళీ ఫోల్డర్ చేసుకుని దాన్ని చూపించండి. డి డ్రైవ్‌నే నేరుగా చూపిస్తే తర్వాత వెనక్కి తిప్పడానికి తిప్పలు పడాలి.

నా డి డ్రైవ్ తెరిస్తే కనిపించేవి ఐదే ఫోల్డర్లు: పనులు, ఫోటోలు, ఇల్లు, ఫాంట్లు, చెత్త. పనులు లోపల సంవత్సరాలు, వాటి లోపల నెలలు. అంతకంటే లోతుకి వెళ్లను. ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టుకుంటూ పోతే ఫైలుకి చేరే దారి (పాత్) పొడుగు 260 అక్షరాలు దాటిన చోట విండోస్‌లో చాలా ప్రోగ్రాములు కాపీ చేయనని మొరాయిస్తాయి.

ఫైలు పేరు తేదీతో మొదలవ్వాలి, అదీ సంవత్సరం, నెల, రోజు వరుసలో. 2024-02-18 అని పెడితే పేరు వరుసలో పేర్చినా తేదీ వరుస దానంతటదే వస్తుంది. మనకి అలవాటైన 18-02-2024 పద్ధతిలో పెడితే అన్ని సంవత్సరాల పద్దెనిమిదో తారీకులూ ఒక చోట గుంపు కడతాయి. తేదీ తర్వాత ఇంటిపేరు, ఊరు, పని. ఇంటిపేరొక్కటే చాలదు, మా దగ్గర ఒకే ఇంటిపేరు కాశీనగర్‌లోనూ ఉంటుంది, ఉప్పలాడలోనూ ఉంటుంది, నది దాటితే ఆంధ్రలోని పాతపట్నంలోనూ ఉంటుంది. ప్రూఫులకి 1, 2, 3 అని అంకె వేసి, ప్రెస్సుకి వెళ్లినదానికి మాత్రం చివర "ప్రింట్" అని రాస్తాను. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "అసలు ఫైనల్" అని పెట్టుకున్న ఫోల్డర్లో పెళ్లికొడుకు తాతగారి పేరు ఎందులో సరిచేశామో వెతకడం ఎంత నరకమో ఈ పని చేసేవాళ్లకి చెప్పక్కర్లేదు. పేర్లు తెలుగులో పెట్టినా విండోస్‌కి ఇబ్బంది లేదు. పేజ్‌మేకర్ లాంటి పాత సాఫ్ట్‌వేర్లకి ఉంది, వాటి ఫైళ్లకి ఇంగ్లీషు అక్షరాలే వాడండి.

చెత్త ఫోల్డర్ అన్నది డౌన్‌లోడ్స్‌కి నేను పెట్టిన పేరు. వాట్సాప్‌లో జనం పంపే ఆధార్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కులు అందులో పడతాయి. ప్రింట్ ఇచ్చాక ఆ సాయంత్రమే షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కి తీసేస్తాను. "వచ్చే నెల మళ్లీ కావాలి అక్కా, ఉంచండి" అంటారు. ఉంచను. ఊళ్లో జనం ఆధార్లన్నీ నా కంప్యూటర్లో ఉండటం వాళ్లకీ మంచిది కాదు, నాకూ మంచిది కాదు.

ఫైలుండి చదవలేకపోవడం

డిస్క్ బాగుంటుంది, ఫైలు బాగుంటుంది, తెరిస్తే పిచ్చి అక్షరాలు. తెలుగు, ఒడియా డీటీపీ చేసేవాళ్లకి ఇది మామూలే. అను ఫాంట్లతో టైపు చేసిన తెలుగును కంప్యూటర్ తెలుగుగా గుర్తించదు. లోపల దాచుకునేది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే. వాటికి తెలుగు ఆకారం తొడిగేది ఆ ఫాంట్. ఒడియాకి ఆకృతి ఫాంట్లదీ అదే కథ. ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిచారంటే తొడుగు ఊడిపోయి లోపలి గజిబిజి బయటపడుతుంది. పదేళ్ల కిందటి సంఘం రసీదు పుస్తకం, గుడి శిలాఫలకం మ్యాటరు పట్టుకొచ్చి చదవమనేవాళ్లు ఉన్నారు. ఏ ఫాంట్లో కొట్టారో వాళ్లకి తెలియదు, కొట్టిన ఆయన ఊళ్లో లేడు.

అందుకని ప్రతి పనికీ మూడు రూపాలు దాస్తాను. మళ్లీ మార్చుకోవడానికి అసలు ఫైలు. ఫాంట్లు లోపలే పొదిగిన పీడీఎఫ్, ఇది ఎక్కడ తెరిచినా అలాగే కనిపిస్తుంది. మ్యాటరు మాత్రం యూనికోడ్‌లో (ప్రతి భాష అక్షరానికీ సొంత అంకె ఇచ్చే పద్ధతి), మామూలు నోట్‌ప్యాడ్ ఫైలుగా. యూనికోడ్ 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగుకీ ఒడియాకీ చోటుంది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్, విస్టాతో ఒడియా కళింగ ఫాంట్ కంప్యూటర్లోనే వచ్చేశాయి. యూనికోడ్‌లో ఉన్న తెలుగు ఇంకో ఇరవై ఏళ్లకి కూడా తెలుగుగానే తెరుచుకుంటుంది, పైగా ఫైలు లోపలి మాటను పట్టి వెతకొచ్చు. వాడిన ఫాంట్లన్నీ ఫాంట్లు ఫోల్డర్లో విడిగా ఒక కాపీ. డిజైన్ చేసే కోరల్‌డ్రాలో అక్షరాలను కర్వ్స్‌గా (గీతలుగా) మార్చి ప్రెస్సుకి పంపడం మంచిదే, కానీ అలా మార్చిన ఫైలుని వేరే పేరుతో సేవ్ చేయండి. కర్వ్స్ అయ్యాక అది బొమ్మ, అందులో అచ్చుతప్పు దిద్దలేరు.

ఫోటోల్లో మా ఆయన రూలు ఒకటే: అసలు ఫైలుని ముట్టుకోకూడదు. జేపెగ్‌ని తెరిచి మార్చి సేవ్ కొట్టిన ప్రతిసారీ కొంత నాణ్యత తగ్గుతుంది. మార్పులు కాపీ మీదే. పెళ్లి రోజు కెమెరా కార్డుని, ఫోటోలు రెండు వేరు వేరు డిస్కుల్లోకి ఎక్కి, రెండింట్లోనూ తెరిచి చూశాకే ఫార్మాట్ చేయాలి. అప్పటిదాకా కార్డు పక్కనున్న చిన్న లాక్ కిందికి జరిపి ఉంచుతారు.

డిస్కుల సంగతి

విండోస్, సాఫ్ట్‌వేర్లు ఎస్‌ఎస్‌డీ మీద. బరువైన ఫోటోలు, వీడియోలు మామూలు హార్డ్ డిస్క్ మీద. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలు లేవు, వేగం ఎక్కువ, ఊపుకి భయపడదు. అయితే రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. అందులో డిలీట్ చేసింది చాలాసార్లు తిరిగి రాదు, ట్రిమ్ అనే పద్ధతితో ఖాళీ అయిన చోటుని అది వెంటనే తుడిచేసుకుంటుంది. రెండోది, అది డేటాని విద్యుత్ ఛార్జ్ రూపంలో దాస్తుంది కాబట్టి కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో పెడితే మెల్లగా మరిచిపోయే ప్రమాదం ఉంది. బీరువాకి హార్డ్ డిస్కే నయం. 1 టీబీ కొంటే 931 జీబీయే చూపిస్తోందని షాపువాడితో తగాదా పడకండి. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కిస్తుంది, విండోస్ 1024 చొప్పున, తేడా అదే.

తగాదా పడాల్సింది చవగ్గా దొరికే 2 టీబీ పెన్‌డ్రైవ్‌ల విషయంలో. వాటిలో చాలావాటికి లోపల చిన్న చిప్పే ఉంటుంది, కంప్యూటర్‌కి మాత్రం 2 టీబీ అని అబద్ధం చెబుతుంది. మొదట వేసినవి బాగానే కనిపిస్తాయి. అసలు చోటు నిండాక కొత్తవి పాతవాటి మీదే ఎక్కుతాయి, లేదా ఎక్కినట్టు పేర్లు మాత్రం చూపించి లోపల ఏమీ ఉండదు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాం డ్రైవ్ మొత్తం నింపి, తిరిగి చదివి, నిజం చెబుతుంది. చాలాసేపు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి.

పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన పెళ్లి వీడియో ఎక్కడం లేదంటే అది ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉందన్నమాట. లోపలున్నవి తీసి పక్కన పెట్టి ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చుకోండి.

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఇంకో ఉచిత ప్రోగ్రాం ఉంది, డిస్క్ ఆరోగ్యం చెబుతుంది. నీలం రంగు గుడ్, పసుపు కాషన్, ఎరుపు బ్యాడ్. పసుపు వచ్చిందంటే చెడిపోయిన సెక్టార్లు లెక్కలోకి వచ్చాయని. "ఇంకా పని చేస్తోంది కదా" అని ఊరుకోకుండా ఆ రోజే కాపీ తీసి, డిస్క్ మార్చాలి. టక్ టక్ మని చప్పుడు మొదలైతే కాపీ కోసం కూడా నడపొద్దు, ఆఫ్ చేయండి. లోపల డేటా నిజంగా విలువైనదైతే రికవరీ చేసేవాళ్లకి ఇవ్వండి. డిస్క్‌ని ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందని చెప్పేవాళ్ల మాట వినకండి, చెమ్మ పట్టి మిగిలిందీ పోతుంది.

కరెంటు, పిడుగు, పెన్‌డ్రైవ్

ఫైలు రాస్తుండగా కరెంటు పోతే ఆ ఫైలొక్కటే పోతే అదృష్టం. ఒక్కోసారి డిస్క్‌లో ఏది ఎక్కడుందో చెప్పే పట్టికే చెడుతుంది. యూపీఎస్ ఇచ్చేది సేవ్ చేసి షట్‌డౌన్ కొట్టే టైమ్, ఆల్బమ్ పూర్తి చేసుకునే టైమ్ కాదు. దానికి లేజర్ ప్రింటర్ తగిలించకండి. ప్రింటర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటుకి చిన్న యూపీఎస్ తట్టుకోలేదు. లోపలి బ్యాటరీ రెండు మూడేళ్లకి చచ్చిపోతుంది, పైన దీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది. అప్పుడప్పుడు స్విచ్ తీసి చూడండి.

వేసవి సాయంత్రం మహేంద్రగిరి వైపు నల్లగా కమ్ముకుందంటే ప్లగ్గులన్నీ పీకేస్తాను, ఇంటర్నెట్ కేబుల్‌తో సహా. పిడుగు ఆ తీగ వెంట కూడా వస్తుంది, జనం మరిచిపోయేది దాన్నే.

ఇక పెన్‌డ్రైవ్. జిరాక్సు షాపు పెన్‌డ్రైవ్ వైరస్‌లకి సంత. ఫోల్డర్లన్నీ బాణం గుర్తున్న షార్ట్‌కట్లుగా మారిపోయి కనిపిస్తే వాటి మీద నొక్కకండి, నొక్కితేనే వైరస్ నడుస్తుంది. అసలు ఫోల్డర్లు చాలాసార్లు పోవు, దాక్కుంటాయి. వ్యూలో హిడెన్ ఐటమ్స్ టిక్ పెట్టినా కనపడకపోతే, ఫోల్డర్ ఆప్షన్స్‌లో సిస్టం ఫైళ్లను దాచే టిక్ కూడా తీసేయండి. బయటపడిన ఫోల్డర్లు తీసుకుని, స్కాన్ చేసి, పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేయండి. మా షాపులో మార్చని నియమం ఒకటుంది: బ్యాకప్ డిస్క్ తగిలించి ఉన్నప్పుడు కస్టమర్ పెన్‌డ్రైవ్ పెట్టకూడదు. ఎంత తొందరలో ఉన్నా, ఎంత పెద్దమనిషి వచ్చినా అంతే.

2017 మే నెలలో వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లకి తాళాలు వేసి డబ్బులు అడిగింది. అలాంటిది వస్తే ఆ నిమిషానికి కంప్యూటర్‌కి తగిలి ఉన్న డిస్కులు కూడా తాళం పడతాయి. విప్పి పక్కన పెట్టిన డిస్క్ ఒక్కటే మిగులుతుంది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు ఆగిపోయింది, ఇంకా దాని మీదే ఉన్నవాళ్లు ఈ నియమాన్ని ఇంకొంచెం గట్టిగా పట్టుకోవాలి.

ఎర్ర డిస్క్, నీలం డిస్క్

మూడు కాపీలు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట అనే 3-2-1 సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చింది పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్. సూత్రం బాగానే ఉంది. దాని మీద మా ఊరు ఒక ప్రశ్న వేస్తుంది: వేరే చోటు అంటే ఎంత దూరం?

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా మీదుగా వెళ్లింది. కొండల వాన నీళ్లన్నీ కిందికొస్తే మహేంద్రతనయ నదికి పర్లాకిమిడి, పాతపట్నం అని తేడా ఉండదు. పాతపట్నంలో మా అక్క ఇల్లుంది, రాష్ట్రం వేరు, పిన్‌కోడ్ వేరు, కానీ నది ఒకటే. అక్కడ పెట్టిన డిస్క్ దొంగ నుంచి కాపాడుతుంది, తుపాను నుంచి కాపాడదు. అందుకని మా నీలం డిస్క్ రాయగడలో మా అన్నయ్య దగ్గర ఉంటుంది. కొండల అవతల, వాళ్ల నది నాగావళి. ఎర్ర డిస్క్ మా ఇంట్లో మేడ మీది బీరువాలో, జిప్ కవర్‌లో సిలికా జెల్ పొట్లాంతో. షాపులో ఏ బ్యాకప్పూ ఉండదు.

శనివారం సాయంత్రం ఎర్ర డిస్క్ షాపుకి వస్తుంది. షట్టర్ సగం దించి ఫ్రీఫైల్‌సింక్ అనే బ్యాకప్ ప్రోగ్రాం తెరుస్తాను. అందులో ఉన్న పద్ధతుల్లో అప్‌డేట్, మిర్రర్ అని రెండున్నాయి. మిర్రర్ ఇక్కడ డిలీట్ అయినదాన్ని అక్కడా డిలీట్ చేస్తుంది. మన వాడకానికి అప్‌డేట్ చాలు. వెర్షనింగ్ కూడా ఆన్ చేసుకుంటే మారిన ఫైలు పాత రూపం విడిగా దాచిపెడుతుంది. పచ్చ గీత నిండాక టాస్క్‌బార్‌లో ఎజెక్ట్ నొక్కి, తీసి, సంచిలో వేసుకుని ఇంటికి. దసరాకో సంక్రాంతికో అన్నయ్య వాళ్లు వచ్చినప్పుడు ఎర్రది అటు, నీలం ఇటు మారతాయి. నీలం వచ్చిన రోజు అందులోంచి పాత సంవత్సరం పెళ్లి ఆల్బమ్ ఒకటి, పట్టా స్కాన్ ఒకటి, వీడియో ఒకటి మా అన్నయ్య కొడుకు ల్యాప్‌టాప్‌లో తెరిపిస్తాను. వాడు విసుక్కుంటాడు, "అత్తా, నీకు పనేమీ లేదా" అని. తెరిచి చూడని బ్యాకప్‌ని నేను బ్యాకప్‌గా లెక్కవేయను.

ఊరు దాటే డిస్క్‌కి పాస్‌వర్డ్ తాళం తప్పదు. విండోస్ ప్రో ఉంటే బిట్‌లాకర్ వాడొచ్చు. హోమ్‌లో దానితో పోర్టబుల్ డిస్క్‌కి తాళం వేయడం కుదరదు, వెరాక్రిప్ట్ ఉచితంగా ఆ పని చేస్తుంది. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, డిస్క్ లేని చోట దాచండి. విండోస్ 11 కొత్త ల్యాప్‌టాప్‌లు కొన్ని మీకు తెలియకుండానే లోపలి డిస్క్‌కి తాళం వేసుకుంటాయి. మదర్‌బోర్డు మార్చిన రోజున 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ఇప్పుడే చూసి ప్రింట్ తీసుకోండి.

క్లౌడ్ గురించి కొంచెమే చెబుతాను. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు మూడూ సర్దుకోవాలి. కాబట్టి ఇల్లు ఫోల్డర్, ఆ నెల పనులు మాత్రమే అందులో పెడతాను. సింక్‌లో ఉన్న ఫైలు ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది, ట్రాష్‌లో 30 రోజులు ఉండి పోతుంది. అకౌంట్‌కి రెండంచెల తాళం పెట్టుకుని, బ్యాకప్ కోడ్‌లు ప్రింట్ తీసుకోండి. తుపాను తర్వాత టవర్లు పడిపోయి ఓటీపీ రాని రోజుల్లో ఆ కాగితమే దిక్కు. సర్టిఫికెట్లకి డిజిలాకర్ ఉంది, వాడండి. పట్టాలకి మాత్రం మన స్కాన్ మన దగ్గర ఉండాల్సిందే.

ఇన్ని చేసినా పొరపాటున ఏదైనా చెరిగితే, మొదటి పని చేతులు కట్టుకోవడం. ఆ డిస్క్ మీద కొత్తగా ఏమీ రాయకూడదు. రికవరీ సాఫ్ట్‌వేర్‌ని కూడా అందులో ఇన్‌స్టాల్ చేయకూడదు, దొరికినవాటిని అందులోనే సేవ్ చేయకూడదు. కెమెరా కార్డైతే బయటికి తీసి, వేరే కార్డుతో పని కానిచ్చుకుని, ఇంటికొచ్చాక ఫోటోరెక్ అనే రికవరీ ప్రోగ్రాం నడపండి. హార్డ్ డిస్క్, కార్డుల్లో చాలాసార్లు దొరుకుతాయి.

పాత కంప్యూటర్ అమ్మేటప్పుడు డిస్క్ తీసేసి డబ్బా మాత్రం అమ్మండి. మామూలు ఫార్మాట్ కొట్టిన డిస్క్ నుంచి ఫోటోలు, ఆధార్లు పైకి తీయడం పెద్ద విద్యేమీ కాదు. డిస్క్ లేకపోతే కొనేవాడు రెండు మూడు వందలు తగ్గిస్తానంటాడు. తగ్గించుకోనివ్వండి.